సూర్యకుమారి గీసిన కౌబాయ్

అమలాపురం కోర్టు వీధిలో కళ్యాణి జిరాక్స్ షాపు ముందు, తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన కౌబాయ్ బొమ్మల పుస్తకాలు కనిపిస్తాయి. ఒక్కోటీ ఎనిమిదే పేజీలు. గీసేది ఆ షాపులోనే మిషను దగ్గర నిలబడే సూర్యకుమారి. వాయిదాకొచ్చి పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళు వాటిని చదివి, బల్ల మీదే వదిలేసి పోతారు.

సూర్యకుమారికి నలభై ఆరేళ్ళు. ఎడారి చూడలేదు. గుర్రాన్ని చూసింది పెళ్ళి ఊరేగింపుల్లోనే. అందుకే ఆమె ఎడారిలో ఏదో ఒక మూల కాలవ పారుతుంది, గుర్రం గేదెలా తల వంచుకుని నిలబడుతుంది. కౌబాయ్ పగవాడి గుండెకి తుపాకీ గురిపెట్టి కూడా "కదలకండి" అంటాడు.

"కాల్చేసేవాడు మర్యాద ఇస్తాడేంటక్కా! ఒరేయ్ అనలేడా?" అని షాపు నడిపే కళ్యాణి పడీపడీ నవ్వుతుంది.

"వయసులో పెద్దాయన కదే, బావుండదు."

కథలు మారతాయి గానీ విలన్ మారడు. ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ, మాట్లాడేటప్పుడు పైకెత్తే గడ్డం. ఓ ముసలాయన తోట పక్కనే చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెడతాడు, తోట మాడిపోతుంది. ముసలాయన తరఫున కౌబాయ్ వస్తాడు.

ఆ తోట నిజానికి రాజోలు అవతల ఉండేది. సూర్యకుమారి నాన్న వీరవెంకటరమణది, ముప్పై కొబ్బరిచెట్లు. పక్క చేలో శివశంకర్ రొయ్యల చెరువు తవ్వించాక రెండేళ్ళలో మొవ్వులు వాలిపోయాయి. నాన్న కేసు వేశాడు. తీర్పు రాకముందే పోయాడు. ఆమె అమలాపురంలో గది తీసుకుంది. ఆదివారాలు తలుపు తట్టే మనిషి లేని ఆ గదిలో కూర్చుని ఇరవై ఏడు పుస్తకాలు గీసింది. ఎప్పటికైనా శివశంకర్ కోర్టు వీధికి రాకపోడు, ఒకటైనా చదవకపోడు, అది తానేనని పోల్చుకోకపోడు. ఆమెకి కావలసింది అంతే.

మొన్న శ్రావణంలో వచ్చాడు, చెరువు కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి. కళ్యాణి ఆ రోజు షాపుకి రాలేదు. మిషను నడుస్తుండగా ఆయన తాడు మీది పుస్తకం ఒకటి లాగి, నిలబడే చదివాడు. సూర్యకుమారి వచ్చిన కాగితాల్నే మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది.

"ఇవి గీసిందెవరండీ?"

"నేనేనండీ."

"భలే గీసేరండీ! ఈ పుట్టుమచ్చోడు మటుకు మహా దుర్మార్గుడు. ఇలాంటోళ్ళని వదలకూడదండీ." గడ్డం పైకెత్తి నవ్వాడు. "ఏ ఊరండీ మీది?"

చెప్పింది.

"అయితే మా పక్కూరే! ఎవరి తాలూకండీ?"

"వీరవెంకటరమణ గారి అమ్మాయినండీ."

"గుర్తు రావట్లేదండీ."

ఈ మాటకి ఆమె సిద్ధపడి లేదు. కాగితాలు దొంతిగా సర్దుతూ, తలెత్తకుండా అంది: "మీ చెరువు గట్టుని ఆనుకుని ముప్పై చెట్లండీ. మీ మీద కేసు వేసేరు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆయనా... ఎలా ఉన్నారండీ?"

"పోయేరండీ. ఆరేళ్ళయింది."

"అయ్యయ్యో! కబురు తెలీలేదండీ. తెలిస్తే వచ్చేవాణ్ణి."

"ఆయ్" అని తలూపింది.

ఆయన పుస్తకాన్ని మళ్ళీ తాడుకి తగిలించబోయాడు. వేళ్ళకి క్లిప్పు పట్టు చిక్కలేదు. బల్ల మీద పెట్టి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది జరిగింది, ఎవరికైనా చెప్పుకుందామంటే షాపులో ఎవరూ లేరు.

సాయంత్రం గదిలో ఇరవై ఎనిమిదో పుస్తకం చివరి పేజీ ముందేసుకుంది. తుపాకీ గియ్యబుద్ధి కాలేదు. ఇసకలో ముసలాయన చితి గీసింది. చుట్టూ నలుగురు, నాన్న పోయిన రోజు నిజంగా వచ్చినంతమందే. వాళ్ళకి దూరంగా, టోపీ తీసి చేత్తో పట్టుకున్న అయిదో మనిషిని, కనుబొమ మీద పుట్టుమచ్చతో సహా, పెన్సిల్‌తో గీసి చాలాసేపు చూసింది. తెలిస్తే వచ్చేవాడేమో. కానీ రాలేదు.

ఆయన్ని చెరిపేసి, మిగిలిన నలుగురికీ ఇంకు దిద్దింది.