క్లీట్ స్ట్రౌడ్ పక్కన చోటు

వాగు మీది చిన్న వంతెన దాటాక కంకర రోడ్డు రెండు మలుపులు తిరుగుతుంది. రెండో మలుపు దగ్గర, కంచె వారన ఎండిన గడ్డిలో, వెర్లిన్ టీగ్ నడిచిపోతూ కనిపించాడు. నవంబరు నెల, గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. మూడు కౌంటీల చర్చిల్లో పియానోలు సరిచేస్తూ తిరగడం నా బతుకు. ఆ రోజు నా పని వేరే దిక్కున ఉంది. కానీ వెర్లిన్ భార్య నదీన్ మంగళవారం పోయిందని పెట్రోలు బంకులో చెప్పారు. అందుకని బండిని ఎల్వీరా వైపు తిప్పాను.

అద్దం దించి, "ఎక్కండి, దింపుతాను" అన్నాను.

"మీ బండెక్కితే దిగేలోపు ఒక పుస్తకం మొత్తం వినాలి మాస్టారూ." నిలబడి రోడ్డు అటూ ఇటూ చూశాడు. "సర్లెండి. నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి."

ఎనభై ఒక్కేళ్ళ మనిషి. చేతిలో రెండు తీగలున్నాయి, చొక్కాలు తగిలించే హ్యాంగర్లను తెంపి మూల దగ్గర వంచినవి. వాటిని పిడికిళ్ళలో వదులుగా పట్టుకుని సమాధుల తోటలో నడుస్తుంటే, కింద మనిషి ఉన్న చోట అవి ఒకదాని మీదికొకటి ఒరుగుతాయి. నేల కింద నీళ్ళు కనిపెట్టేవాళ్ళ విద్య లాంటిదే. చాలా దేశాల పుస్తకాలు తిరగేశాను, దీనికి కారణం చెప్పినవాడు నాకు తగల్లేదు. అయినా వెర్లిన్ వద్దన్న చోట తవ్వబోయిన ఇద్దరికీ గునపం శవపెట్టె చెక్కకే తగిలింది.

"ఎవరి కోసం వెతుకుతున్నారు?" అని అడిగాను.

"నా కూతురి కోసం."

ముప్పయ్యేళ్ళ పరిచయంలో ఆయనకు పిల్లలున్నారని ఎప్పుడూ వినలేదు. బండి నెమ్మది చేశాను.

ఇక్కడ ఎల్వీరా గురించి కొంత చెప్పక తప్పదు. రైలు పట్టాలు వేసేటప్పుడు సర్వే చేయించిన దొర తన మరదలి పేరు పెట్టాడట. ఆ మరదలు ఈ నేల మీద కాలు పెట్టిన దాఖలా లేదు. బాగా బతికిన రోజుల్లో రెండొందల పది మంది, ఒక ఇటుక బట్టీ, ఒక కొట్టు, రెండు చర్చిలు, నాలుగేళ్ళు మాత్రమే నడిచిన ఒక బ్యాంకు. చట్టం లెక్కలో ఇది ఏనాడూ ఊరు కాలేదు. రెండుసార్లు ఓట్లు పెట్టుకున్నారు. మొదటిసారి పన్నులు పడతాయని భయపడి వద్దనుకున్నారు. రెండోసారి ఆ రెండు చర్చిల వాళ్ళు, బాప్టిస్టులూ మెథడిస్టులూ, మేయరు ఎవరన్న దాని దగ్గర పోట్లాడుకుని ఇళ్ళకు పోయారు. దాంతో ఒక సభా లేదు, గుమాస్తా లేడు, కాగితమూ లేదు. చాలా సామ్రాజ్యాలు శిలాశాసనాలు చెక్కించుకుని కూడా మాయమయ్యాయి. ఎల్వీరా ఆ శ్రమ కూడా పడలేదు. సమాధుల పటం ఒకటి కొట్టులో పొయ్యి వెనక గోడకు ఉండేది. అరవై ఒకటిలో కొట్టుతో పాటే కాలిపోయింది. తర్వాత పోస్టాఫీసు ఎత్తేశారు, డెబ్బై ఎనిమిదిలో పట్టాలు పీకి తూకానికి అమ్మేశారు. ఎవరు ఎక్కడ పడుకున్నారో తెలిసినవాడు వెర్లిన్ ఒక్కడే మిగిలాడు. ముప్పై ఏళ్ళు ఆయనే గుంతలు తవ్వాడు. నడుం పోయాక కౌంటీ పట్నం నుంచి తవ్వే యంత్రం వస్తోంది. ఈయన నాలుగు మూలలా నాలుగు పుల్లలు గుచ్చుతాడు, అంతే. మొన్న సోమవారం దాకా ఊళ్ళో పదకొండు మంది ఉన్నారు. ఇప్పుడు పది.

"యాభై రెండు, ఫిబ్రవరి," అన్నాడు వెర్లిన్, ముందు అద్దంలోకి చూస్తూ. "నేను పక్క రాష్ట్రంలో ఆనకట్ట పనిలో ఉన్నాను. ఆడపిల్ల. పుట్టేసరికే ఊపిరి లేదు. మా మావగారు పెట్టె కొట్టి, అదే పూట, ఆ మంచులోనే పూడ్చేశాడు. నేనొచ్చేసరికి పదకొండు రోజులైంది. 'అయిపోయింది అబ్బాయ్, నేలలో పెట్టేశాను' అన్నాడు. ఎక్కడా అని అడగలేదు నేను. సిగ్గేసింది. ఆ ఎండాకాలమే ఆయనా పోయాడు."

"పటంలో రాయలేదా?"

"అలాంటి పిల్లల్ని రాసేవాళ్ళు కాదండీ. పేరుండదు, రాయి ఉండదు."

"నదీన్‌కి తెలీదా?"

"మంచం దిగలేదు కదా అప్పుడు. తెలీదనే అనేది. ఆ తర్వాత కొన్నాళ్ళకి అడిగితే, ఇంకెందుకు అడుగుతావు, వదిలెయ్ అనేది."

తీగలు ఒళ్ళో సర్దుకున్నాడు. తర్వాత, ధర అడుగుతున్నవాడిలా మామూలుగా అన్నాడు: "సోమవారం సాయంత్రం నదీన్ కళ్ళు తెరిచింది. 'నన్ను క్లీట్ పక్కన పెట్టు' అంది. ఇంకేం మాట్లాడలేదు."

క్లీట్ స్ట్రౌడ్ అరవై తొమ్మిదిలో ట్రాక్టరు కింద పడి పోయాడు. ఫిడేలు వాయించేవాడు, చూడటానికి బాగుండేవాడు. అతని గురించి ఇప్పటికీ ముసలమ్మలు చెప్పుకుంటుంటారు. యాభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో అడగాల్సిన అవసరం నాకు లేకపోయింది.

"పొద్దున వెళ్ళి క్లీట్ మీద తీగలు పట్టాను," అన్నాడు. "రెండుసార్లు కలిశాయి. ఒకటి వాడంత పొడుగు. రెండోది," రెండు చేతులూ ఒళ్ళో దగ్గరగా పెట్టి చూపించాడు, "ఇంతే. అప్పుడు గుర్తొచ్చింది. వాడి గుంత తవ్వేటప్పుడు నాలుగడుగుల్లో చిన్న పెట్టె తగిలింది. పాతది, మూత ఊడిపోయింది. లోపలికి చూడలేదు. చూడకూడదు. నాకు ముందు తవ్విన ముసలాయన నేర్పింది అదే: గుర్తు లేనిది తగిలితే పక్కన పెట్టు, ఇంకో అడుగు తవ్వు, దాన్ని అడుక్కి పెట్టు, పైన కప్పెయ్, నోరు మూసుకో. చుట్టాలకి చెబితే ఏడుపు రెండింతలవుతుంది. అలాగే చేశాను."

"అయితే ఆ పెట్టె..."

"అదా, లేకపోతే మొదట నేననుకున్నదా. ఒలీటాకి తెలిసి ఉంటుంది. అదిగో, ఎడమకి తిప్పండి. ఆ చోటు ఆవిడదే కదా, అడగాలి కూడా. తవ్వేవాడు రేపు పొద్దున ఏడింటికి వస్తాడు."

ఆ రెంటిలో ఏది నిజమైతే బాగుండునో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

ఒలీటా క్లీట్ భార్య. ఈజిప్టు రాజులు బతికుండగానే సమాధులు కట్టించుకునేవారని చదివి మనం ఆశ్చర్యపోతాం; క్లీట్ రాయి మీద కుడి సగంలో ఒలీటా పేరు, పుట్టిన ఏడాది, ఒక చిన్న గీత చెక్కి ముప్పై నాలుగేళ్ళయింది. క్లీట్‌కి ఎడమ పక్కన అతని తల్లి ఉంది. కుడి పక్క ఈవిడ చోటు. కాళ్ళ దిక్కున బళ్ళు తిరగడానికి వదిలిన దారి. ఎనభై మూడులో ఆవిడ కొడుకు డ్వేన్ జబ్బు చేసి పోతే, తండ్రి కాళ్ళ దగ్గర ఆ దారిలో పెట్టమని అడిగింది. వెర్లిన్ కుదరదన్నాడు. డ్వేన్ దూరంగా కంచె మూలకు పోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఒలీటా, వెర్లిన్ మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు.

ఆవిడ వెనక వరండాలో కూర్చుని, ఇనప దిమ్మె మీద సుత్తితో నల్ల అక్రోట్లు పగలగొడుతోంది. వాటి తొక్కల మరకతో చేతులు మణికట్టు దాకా నల్లబడి ఉన్నాయి. ఎనభై ఏడేళ్ళు. తల ఎత్తి నన్ను ముందు చూసింది.

"పియానో మాస్టారిని తెచ్చుకున్నావా? సాక్ష్యానికా?"

"దారిలో కలిశారు అక్కా."

"నీ పెళ్ళాం పోయిందని విన్నాను. బీన్స్ వండి గిన్నె పంపాను. గిన్నె తిరిగి పంపించు, అది మా అమ్మది."

"పంపిస్తాను." వెర్లిన్ టోపీ తీసి అంచు పట్టుకుని తిప్పుతున్నాడు. "పోయేముందు క్లీట్ పక్కన పెట్టమంది అక్కా."

సుత్తి ఆగింది. "అందా."

"ఎందుకంది?"

"నువ్వేమనుకున్నావు?"

"రెండు రకాలుగా అనుకున్నాను."

"మొదటి రకం ఏంటో నాకు తెలుసులే." నవ్వు లాంటి శబ్దం ఒకటి చేసింది. "ఒరే వెర్లిన్, క్లీట్ ఫిడేలు కింద పెట్టాడంటే వాడిలో ఇంక గురక తప్ప ఏం మిగిలేది కాదు. అది భరించింది నేను. నదీన్‌కి అంత తెలివితక్కువతనం ఎక్కడిది?"

వెర్లిన్ భుజాలు ఇంకొంచెం దిగాయి. "అయితే రెండోదే."

"రెండోదే. కూర్చో."

ఆయన కూర్చోలేదు.

"క్లీట్ గుంత తవ్విన రోజు నదీన్ నీకు కాఫీ తెచ్చింది, సీసాలో పోసుకుని," అంది ఒలీటా. "నువ్వు గుంతలో వంగి ఉన్నావట, నీ టోపీ కూడా కనపళ్ళేదట. మట్టికుప్ప మీద పెట్టె ఉంది. మూత లేదు. లోపల బొంత ముక్క, నీలం చారలది, వాళ్ళమ్మ కుట్టింది. కాఫీ గేటు స్తంభం దగ్గర పెట్టేసి నేరుగా నా వంటింట్లోకి వచ్చింది. ముందు గదిలో క్లీట్ ఉన్నాడు, ఇల్లంతా జనం. తలుపేసుకుని చెప్పింది."

"కాఫీ," అన్నాడు వెర్లిన్. "చల్లారిపోయి ఉంది. ఎవరు పెట్టారో అనుకుంటూ తాగేశాను."

ప్రతి ఏటా మే నెలాఖరున సమాధులకు పూలు పెట్టే రోజు నదీన్ వేయించిన కోడి, రొట్టెలు తెచ్చి గేటు దగ్గరే ఇచ్చేసి కారులో కూర్చోవడం నేనూ చూశాను. కాళ్ళ నొప్పులని చెప్పేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వెర్లిన్.

"చెబితే మళ్ళీ గునపం పట్టేవాడివా? 'ఆయనకి తెలీకూడదు ఒలీటా, తెలిస్తే మనందర్నీ ఎవరు పూడుస్తారు' అంది. మొగుడి శవం పక్క గదిలో పెట్టుకుని నేను ఆవిణ్ణి ఓదార్చాను, చూడు. అప్పుడే మాటిచ్చాను. నా చోటు నువ్వు తీసుకో, రేపు రాయి మీద నా పేరు చెక్కితే చెక్కనీ అని." ఒక అక్రోటు దిమ్మె మీద పెట్టింది కానీ కొట్టలేదు. "తర్వాత నువ్వు నా కొడుకుని కంచె మూలకి తోశావు."

"అది బళ్ళు తిరిగే దారి అక్కా. ఒకరికి ఇస్తే..."

"ఏ బళ్ళురా? శవం బండి తప్ప ఆ దారిలోకి ఇంకేం వస్తుంది? ఈ ఊరికే ఊరన్న పేరు లేదు, రూలెక్కడిది నీకు? నువ్వే పెట్టావు, నువ్వే మొక్కావు. నదీన్ నా తరఫున నిన్నడిగింది, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమన్నావు?"

టోపీ అంచు తిప్పడం ఆపాడు. "ఇది నీకు సంబంధం లేని విషయం అన్నాను."

"ఆ మాటే వచ్చి చెప్పింది. ఏడవలేదు. నాకు ఒళ్ళు మండింది. నీ మొగుడు నాకు దారివ్వలేదు, నేను నీకు చోటివ్వను, నా మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నాను. సరేనంది. మళ్ళీ అడగలేదు. ఇరవై ఏళ్ళు, ఏటా అక్టోబర్లో అక్రోట్లు ఏరి బస్తా ఇక్కడ పెట్టి పోయేది. ఇవీ ఆవిడవే."

వెర్లిన్ ఆ బస్తా వైపు చూశాడు. సగానికి పైగా ఉంది ఇంకా.

"ఇప్పుడు నేనడుగుతున్నాను అక్కా."

ఒలీటా తన నల్లటి వేళ్ళను గౌనుకు తుడుచుకుంది. అవి తుడిస్తే పోయేవి కావు. "నీకైతే ఇవ్వను. ఆవిడకి ఇస్తాను. కూతురి పక్కకి పోనీ. నన్ను డ్వేన్ దగ్గర పెట్టించు, కంచె మూలన. వరస కుదరకపోయినా సరే, దగ్గరగా. రాయి మీద నా పేరు అలాగే ఉండనీ, చదివేవాళ్ళెవరున్నారు. నువ్వు మాత్రం నాకంటే ముందు పోకు. పోతే ఆ యంత్రం వాడికి చూపించేదెవరు?"

"చూపిస్తాను."

"ఇంకోటి. నా చోటు అవతల హాల్‌స్టెడ్ వాళ్ళున్నారు, వరసగా ఆరుగురు. ఆవిడ పక్కన నీకు చోటు దొరకదు. తెలుసుగా?"

పడమటి వైపు పెద్ద దేవదారు కింద వెర్లిన్‌కీ నదీన్‌కీ జంట రాయి ఎప్పటినుంచో ఉంది. రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి. దాన్ని నేనూ ఒకసారి వెర్లిన్‌తో కలిసి చూశాను; పక్షి రెట్టలు పడితే ఆయన బూటు అంచుతో గీకి శుభ్రం చేశాడు.

"తెలుసు," అన్నాడు.

"దారి ఉంది కదరా," అంది ఒలీటా, గొంతు ఇంతకు ముందులా లేదు. "ఆవిడ కాళ్ళ దగ్గర. వద్దనేవాడు ఎవడున్నాడు ఇప్పుడు?"

వెర్లిన్ టోపీ పెట్టుకున్నాడు, ఒకసారి సరిచేసుకున్నాడు. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క కాలే కిందికి దించుతూ దిగాడు. నేను బండి తాళాలు తీసి, "ఉండండి, తోట దాకా దింపుతాను" అన్నాను. వినపడనంత దూరంలో లేడు. ముంగిట్లో ఆగి ఉన్న నా బండిని దాటి, గేటు తీసి, దాన్ని మళ్ళీ జాగ్రత్తగా వేసి, కంకర రోడ్డు ఎక్కి సమాధుల తోట వైపు నడిచిపోయాడు.