తొట్టిలో కొర్రమీను

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, హనుమాన్ జంక్షన్ అవతల ఒక చిన్న పట్టణంలో మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని కొత్త నిబంధనలకు తగ్గట్టు మార్చే పనికి నేను సైట్ ఇంజనీరుని. అక్కడి నుంచి నీళ్ళు వెళ్ళే కాలవలో చేపలు చచ్చిపోయినప్పుడు విచారణకు నివేదిక రాసిచ్చింది నేనే. క్లోరిన్ మందు మోతాదు మించిందని రాశాను. మోతాదు పెంచినట్టు లాగ్ బుక్‌లో లేదని రాశాను. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ పేరు రాశాను. పెంచమన్నది ఎవరో మాత్రం రాయలేదు. పెంచమన్నది నేను.

పాత కేంద్రంలో మురుగుని పెద్ద మడుగుల్లో నిలవబెట్టి, తేరాక వదిలేసేవాళ్ళు. ఇప్పుడది చాలదు. ఏరేషన్ ట్యాంక్ కట్టి, బ్లోయర్లతో అడుగు నుంచి గాలి కొట్టి, మురుగుని తినే సూక్ష్మజీవుల్ని పెంచాలి. చివర హైపో అనే క్లోరిన్ ద్రావణం కలపాలి. మాకు రావలసిన రెండో బ్లోయర్ రాలేదు. గాలి చాలక నీళ్ళు తేరుకోలేదు. పర్యావరణ అధికారులు శాంపిల్‌కి వచ్చే రోజు మాత్రం ఖరారైపోయింది.

ఆపరేటర్ ఏడుకొండలు నాకంటే అయిదారేళ్ళు పెద్ద. కాలవ దిగువన చేపలు పట్టేవాళ్ళ ఊరు ఆయనది. వాళ్ళ అన్న ఆ కాలవలోనే వలలు వేసేవాడు. శుద్ధి అయిన నీళ్ళు బయటికి వెళ్ళేచోట మాకొక సిమెంటు తొట్టి ఉండేది. నీళ్ళు మంచివని చూపడానికి అలాంటి తొట్టిలో చేపలు పెంచడం మా పనిలో మామూలే. శీలావతి చేపపిల్లల్ని తెచ్చి వేసింది ఏడుకొండలే. మా అన్న ఇంట్లో కంటే వీటికే ఇక్కడ భోజనం బాగుందండీ, అని నవ్వేవాడు.

మా సొంత పరీక్షలో కోలిఫాం, అంటే మలంతో వచ్చే క్రిములు, పరిమితికి పైనే తేలాయి. శాంపిల్ తప్పితే మాట నా మీదికి వస్తుంది. హైపో మూడింతలు చెయ్యమన్నాను.

"పుస్తకంలో అట్టాగే రాయనాండీ?"

"రోజూ పోసేదే రాయి. నాలుగు రోజుల పనే కదా."

రాసి సంతకం పెట్టాడు. మర్నాడు ఉదయానికి తొట్టిలో చేపపిల్లలన్నీ చచ్చి ఉన్నాయి. వాటిని గిన్నెలో వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. మందు తగ్గించమని, కిందంతా తమవాళ్ళ వలలేనని బతిమాలాడు. నేను వేరే చేపలు తెమ్మన్నాను. తొందరగా చావనివి.

"అట్టాంటిదంటే కొర్రమీనేనండీ. పైకొచ్చి గాలి పీల్చుకుని బురదలో కూడా బతుకుద్ది. దాన్ని చూసి నీళ్ళు బాగున్నాయనుకోకూడదు."

వచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలియదులే అన్నాను. తెచ్చి వేశాడు. అధికారులు తొట్టిలోకి వంగి చూసి ముచ్చటపడ్డారు. శాంపిల్ నెగ్గింది.

ఆ వారంలోనే కాలవ పొడుగునా చేపలు తెల్లగా తేలాయి. విచారణలో ఖాళీ హైపో డ్రమ్ములకూ పుస్తకంలో అంకెలకూ పొంతన కుదరలేదు. సంతకాలు ఏడుకొండలువి. సారే పొయ్యమన్నారండీ, అని చెప్పాడాయన. అందరూ నా వైపు చూశారు. నేను, నివేదికలో రాసిందే నిజమన్నట్టు, కాగితం వైపు చూశాను. ఆయన ఉద్యోగం పోయింది. నేను గవర్నర్‌పేటలోని మా ఆఫీసుకి తిరిగొచ్చి వేరే పనుల్లో పడ్డాను.

మొన్న చలికాలంలో హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగాను. లారీలకు కాపలా ఉన్న మనిషి దగ్గరికొచ్చి పలకరించాడు. ఏడుకొండలు. గడ్డం పూర్తిగా నెరిసింది. తిడతాడనుకున్నాను.

"రెండో బ్లోయర్ వచ్చిందాండీ?" అని అడిగాడు.

వచ్చిందన్నాను. ఇంటి సంగతి అడిగాను.

"ఉద్యోగం పోతే పోయిందిలెండి. మా అన్న నన్ను పడవెక్కనివ్వడండీ. ఊరి చేపల్ని చంపినోడి చెయ్యి వల మీద పడకూడదంటాడు."

ఆ వారమే జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, పురపాలక కార్యాలయంలో ఇచ్చాను. అది సులువైన పని. తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. అన్నగారు కాలవగట్టున వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన మరో అయిదారుగురు ఉన్నారు. వాళ్ళందరికీ వినపడేలా చెప్పాను. మందు ఎక్కువ పొయ్యమన్నది నేను. వద్దన్నది మీ తమ్ముడు. తక్కువ రాయించింది నేను. తొట్టిలో కొర్రమీను వేయించింది కూడా నేనే.

పెద్దాయన వల మీంచి చెయ్యి తియ్యలేదు.

"మావోడు ఈ మాటే చెప్పాడండీ. నేనే నమ్మలా."

తమ్ముడి ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు. శాంపిల్ తప్పి ఉంటే మాకొక నోటీసు వచ్చేది. బ్లోయర్ వచ్చాక అదీ తీరిపోయేది. అంతకు మించి ఏమీ అయ్యేది కాదని ఆ గట్టు మీద నిలబడ్డాక తెలిసింది నాకు.

"నమ్మకపోవడం మీ తప్పు కాదండీ. పుస్తకం అలా ఉంది. అలా ఉండేలా చేసింది నేను," అని తమ్ముడి వైపు తిరిగాను.

"ఏడుకొండలు గారూ, విచారణ రోజు మీరు నిజం చెప్పారు. నేను ఎదురుగా కూర్చుని నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."