అనంతయ్య దాచిన మూడువేల శ్రీలు

చేవెళ్లలో నా బట్టల దుకాణం పక్కనే అనంతయ్య కంప్యూటర్ షాపు. ఒప్పంద పత్రాలు, అర్జీలు, పెళ్లిపత్రికలు టైపు చేసి ఇస్తాడు. శ్రీ రాయనిదే కాగితం మీద ఇంకో అక్షరం పెట్టడు. ఆ పట్టింపు కంప్యూటర్‌లోకీ వచ్చింది: ప్రతి ఫైలు పేరూ శ్రీయే, పక్కన ఒక అంకె. ఏ అంకె ఎవరిదో నోటుబుక్కులో రాసుకునేవాడు.

"కాగితం చినిగితే చినుగనీ, నా డబ్బాల పదిలంగ ఉంటది" అని వచ్చినవాళ్లందరికీ ధైర్యం చెప్పేవాడు.

"ఊళ్లె పుట్టిన పిల్లలందరికీ ఒకటే పేరు పెట్టినట్టున్నదయ్యా" అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఇంకో శ్రీ కొట్టేవాడు.

2008 వానాకాలంలో షాపు కప్పు కారి నోటుబుక్కు ముద్దయిపోయింది. ఆ నెలలోనే సురంగల్ నుంచి గులాబీ తోట రైతు ఈశ్వరయ్య వచ్చాడు. ఆరేళ్ల కింద పొలం పంచుకున్నప్పుడు, తమ్ముడు ఎల్లేశ్ తన చెక్కలోంచి అన్నకు బండిబాట వదలాలని అనంతయ్య దగ్గరే కాగితం రాయించుకున్నారు. హైటెక్ సిటీ పుణ్యమా అని ఇప్పుడు భూములకు రెక్కలొచ్చాయి. ఎల్లేశ్ తన చెక్కను పట్నం ఆసామికి బేరం పెట్టాడు. సోమవారం కంచె వేస్తారట. ఈశ్వరయ్య దగ్గరున్న కాగితాన్ని చెదలు తినేశాయి.

"బాట లేదు గీట లేదు, ఉంటే కాగితం చూపియ్యమంటుండు. గా తొందరల సాక్షి సంతకాలు ఎవరెవరు పెట్టిన్రో యాదికొస్తలేదు. బాట బందైతే పూలు ఎట్ల తీస్కపోవాలె అన్నా?" అన్నాడు.

అనంతయ్య ముఖం పాలిపోయింది. ఫైళ్లు మూడువేల పైచిలుకు. పాత కంప్యూటర్‌లో గడియారం ఎప్పుడో ఆగింది కనుక అన్నిటికీ ఒకటే తేదీ. ఫైళ్లన్నీ ఇప్పుడు కొత్త మిషన్‌లోకి మార్చుకున్నాడు గానీ, పాత అక్షరాలు దానికి తెలియవు కనుక ఈశ్వరయ్య పేరు కొట్టి వెతికినా దొరకదు. పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త మిషన్ మీద ఒక్కో ఫైలు తెరవడానికి రెండేసి నిమిషాలు తీసుకుని, నాలుగోదానికి బిగుసుకుపోతోంది. ఫైలు తెరవకుండానే లోపలిది చూపించే గడి ఒకటి తెర కుడివైపు ఉంది గానీ, ఇతని ఫైళ్లకు అది ఖాళీగానే ఉంటోంది.

శనివారం అతని మేనకోడలు నీలవేణి వచ్చింది. మొయినాబాద్ నుంచి రోజూ గచ్చిబౌలికి ఉద్యోగానికి పోతుంది. కంపెనీ డ్రాయింగులు అలాంటి గడిలో కనిపించేలా ప్రోగ్రాములు రాయడమే ఆమె పని.

"ఫికర్ చెయ్యకు మామా. గా గడి అడిగేది నాలుగే మాటలు: ఇగో ఫైలు, ఇగో జాగ, చూపియ్యి, ఇగ తీసెయ్యి. నాలుగింటికీ జవాబిచ్చే చిన్న ప్రోగ్రాం రాస్తే చాలు. అది ఫైలును చూస్తది గని ముట్టది."

ఇది నాకు వెంటనే అర్థమైంది. చీర మడత విప్పకుండా కొంగు మాత్రం చూపించడం మా దుకాణంలో రోజూ చేసేదే.

రాయడం మాత్రం ఆమె చెప్పినంత తేలిక కాలేదు. మొదట గడి నల్లబడింది. తర్వాత అక్షరాలు గజిబిజిగా వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నానికి, హమ్మయ్య, గడిలో శ్రీ కనిపించింది. అనంతయ్య కింది బాణం మీట నొక్కుతూ పోయాడు. కరెంటు అర్జీ, పెళ్లిపత్రిక, మళ్లీ పెళ్లిపత్రిక. నొక్కగానే కాగితం కళ్ల ముందుకొస్తోంది. కబురందుకుని వచ్చిన ఈశ్వరయ్య కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

రెండువేలు దాటాక అనంతయ్య చెయ్యి ఆగింది. పన్నెండు అడుగుల బండిబాట. అన్నదమ్ముల పేర్లు. అడుగున ఇద్దరు సాక్షులు: ఒకరు కాలం చేసిన సురంగల్ పెద్దమనిషి, రెండోవారు రాజేశ్వర్, బట్టల వ్యాపారి, చేవెళ్ల.

అది నేనే. వారంలో నలుగురు సంతకానికి పిలుస్తారు. చదవకుండా పెట్టేసి గల్లా దగ్గరికి పరుగెత్తుతాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సోమవారం పొద్దున్నే ప్రింటు పట్టుకుని అందరం సురంగల్ పోయాం. "గీ పేరు నాదే, ఆనాడు సాక్షి సంతకం పెట్టింది నేనే" అన్నాను.

"నాకెరుకే సేటూ," అన్నాడు ఎల్లేశ్ నేల చూపులు చూస్తూ. "నీకే యాది లేదనుకున్న."

కంచె కోసం దింపిన రాతి కడీలను పన్నెండు అడుగులు వెనక్కి జరిపించాడు. ఈశ్వరయ్య పూలబండి ఆ బాటన కదిలాకే మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

తిరిగొస్తుంటే అనంతయ్య, "గా ఫైలుకు మంచి పేరు పెడుదునా?" అని అడిగాడు.

"వద్దు. శ్రీ రెండువేల నూట పదకొండు," అన్నాను. "ఇగ మర్చిపోను."