అత్తమ్మ ప్రదక్షిణ

దయ్యాలు, భూతాలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. పైగా నా ఉద్యోగం అలాంటిది. పాత కోటలూ గుళ్లూ ఇంట్లో కూర్చునే తిరిగి చూసే వర్చువల్ టూర్లు తయారుచేసే ఆఫీసు మాది. ఫొటోలో తల లేని మనిషి కనిపించినా బెదరను. రెండు ఫొటోలు అతికించిన చోట తేడా వచ్చిందని సరిచేస్తాను.

మాది చింతాద్రిపేట. నా కాన్పు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మా అత్తమ్మ చెంగల్పట్టు దగ్గరి ఒక పాత పెరుమాళ్ గుడికి మొక్కుకుంది. నేను బతికితే నన్ను వెంటబెట్టుకొచ్చి ప్రదక్షిణ చేస్తానని. నేను పాపతో ఇల్లు చేరాను. ఆమె బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయినా నడక రాలేదు, కారులో కూర్చోవద్దన్నారు. మొక్కు తీరలేదన్న దిగులుతో తిండి మానేసింది. ఆమెను చూస్తే నాకు భయమేసేది.

అదే గుడి టూరు మా ఆఫీసుకే పనిగా వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ టూర్లు చూసే హెడ్‌సెట్ తెచ్చి, మంచం మీద ఉన్న ఆమె కళ్లకు పెట్టాను. ఆమె చూసేదే లాప్‌టాప్‌లోనూ కనిపిస్తుంది. నేను టేబుల్ దగ్గర కూర్చుని చూస్తున్నాను.

గోపురం చూసి మురిసిపోయింది. అంతలోనే మొహం ముడుచుకుంది. ఎండ వాలు చూసుకుని మా కెమెరామన్ చుట్టూ తిరిగి తీసింది అపసవ్యంగా. ఎవరికీ తట్టలేదు.

"ఏందిమా ఇది, సామిని ఎడం పక్క పెట్టుకొని తిరగమంటావా? నేను పోను" అంది.

టూరులో ముందుకు కదిలే బాణం గుర్తులు అటే ఉన్నాయి. రెండో వైపుకు దారే లేదు. ఇంత చేసీ ఇలా అయిందే అని నాకు ఏడుపొచ్చింది. హెడ్‌సెట్ తీసేద్దామని లేవబోయాను.

"ఉండుమా, పోతా ఉండాను" అంది.

లాప్‌టాప్‌లో గుడి గోడ కుడివైపుకు వచ్చింది. మా టూర్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి గెంతుతాయి. ఇది మాత్రం రాయి రాయిగా, మనిషి నడిచినట్టే సాగింది. మధ్య మధ్య ఆగింది. గుడి వెనకభాగం మరమ్మతుల్లో ఉందని మేము ఫొటోలే తీయలేదు. అక్కడ గోడలో చిన్న గూడు, వెలుగుతున్న దీపం కనిపించాయి. మంచం మీద అత్తమ్మ తల వంచి దండం పెట్టింది. కాసేపటికి ధ్వజస్తంభం ముందుకు వచ్చి ఆగింది.

మర్నాడు ఆఫీసులో ఆ టూరు ఫొటోలన్నీ వెతికాను. ఆ దారి లేదు, ఆ గూడు లేదు. నిద్రలో చూసి ఉంటావని ఫ్రెండ్ ఆటపట్టించింది. కావచ్చు అనుకోవాలని నేనూ చాలా ప్రయత్నించాను.

కానీ ఆ సాయంత్రమే అత్తమ్మ అడిగి మరీ రసం అన్నం తిన్నది. తినిపిస్తూ, మధ్యలో అన్నిసార్లు ఎందుకు ఆగావు అత్తమ్మా అని అడిగాను.

"నీకు ఆయాసం వచ్చె గదమా, పచ్చి ఒళ్లు. నా చెయ్యి గట్టిగా పట్టుకోనుంటివే" అంది, నా తల నిమురుతూ.

అది ఎవరి చెయ్యో నాకు ఇప్పటికీ తెలియదు. నేను టేబుల్ దగ్గరే ఉన్నానని మాత్రం ఆమెకు చెప్పలేదు.