ఏడో మెషీన్ రిపేరు పుస్తకం

దెయ్యాలు లేవని నేనెప్పుడూ ఎవరితోనూ వాదించలేదు. వాదించాలంటే ఆ విషయం మీద కాస్తయినా గౌరవం ఉండాలి. మా పెరంబూరులో రైల్వే క్వార్టర్స్ వెనక సందులో ఎవరో తెల్లచీర కట్టుకుని తిరుగుతోందని అందరూ చెప్పుకునే రోజుల్లో, పాపం ఆవిడకి ఇంకా క్వార్టర్ అలాట్ కాలేదు కాబోలు అన్నవాణ్ణి నేను.

అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. అప్పట్లో నేనూ నవ్వాను. వచ్చిన చిక్కంతా అదే.

మా మేనత్త పేరు వేదవల్లి. మామయ్య పోయాక పెరంబూరులో ఒక మేడమీది హాలు అద్దెకు తీసుకుని టైప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఎనిమిది మెషీన్లు, ఒక నల్లబల్ల, ఒక గోడ గడియారం. హాలుకి ఆనుకుని చెక్క అడ్డం కట్టిన గది ఒకటి. అందులో అత్త, అత్త మంచం, అత్త కాఫీ ఫిల్టరు.

డెబ్బై నాలుగులో నాకు ఇరవై మూడేళ్ళు. బి.ఏ. అయింది, ఉద్యోగం కాలేదు. టైపు లోయర్ పాసై, హయ్యర్ రెండుసార్లు తప్పాను. అయినా అత్త నన్ను పిలిచి తన దగ్గరే ఉంచుకుని ఇన్‌స్ట్రక్టర్‌గా పెట్టుకుంది. ఎన్ని రకాలుగా తప్పవచ్చో పిల్లలకి చూపించడానికి ఒక మనిషి కావాలి కదా అని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.

అత్త పాఠం చెప్పే తీరు వేరు. పిల్లల వైపు వీపు పెట్టి కూర్చునేది. ఎడమచేతిలో చెక్క స్కేలు. బల్ల మీద టక్, టక్, టక్ అని కొడుతుంటే ఎనిమిది మెషీన్లూ ఆ దెబ్బకే నడవాలి. వేలి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకటే ఎడం ఉండాలి. "స్పీడు తరవాత చూసుకుందాం, ముందు తాళం రానీండి" అనేది. ఎవరు తప్పు కొట్టినా తిరిగి చూడకుండానే పట్టేది.

"మూడో మెషీన్, నీ చిటికినవేలు నిద్రపోతా ఉండాది, లేపు."

మూడో మెషీన్ పిల్ల ఉలిక్కిపడేది. అత్తకి చెవులతో కాగితం కనిపిస్తుందని ఆ వీధిలో పేరు.

రోజూ ఒంటిగంట నుంచి మూడున్నర దాకా క్లాసులుండవు. అత్త తన గదిలో నడుం వాలుస్తుంది. నేను హాల్లో బెంచీ మీద పడుకుంటాను. ఆ ఏడాది జులై చివర్లో, ఒక మధ్యాహ్నం, గోడవారనున్న ఏడో మెషీన్ మోగింది.

టక్ టక్... టక్... టకటక్... టక్.

పెద్దగా కాదు. కాగితం లేని రోలర్ మీద ఎవరో మెత్తగా కొట్టినట్టు. నేను లేచి చూశాను. రెక్సిన్ కవరు వేసినట్టే ఉంది. ఎలుక అనుకుని కవరు తీశాను. ఎలుక లేదు. మీటలు కదలడం లేదు. శబ్దం మాత్రం అక్కడినించే వస్తోంది. పది నిమిషాలకి ఆగింది.

నాకు ముందు తట్టింది భయం కాదు, చిరాకు. ఆ కొట్టడంలో తాళం లేదు. తప్పుల్లో కూడా ఒక పద్ధతుంటుంది. ఒకడు ప్రతి ఐదో అక్షరం దగ్గర తడబడతాడు, ఇంకొకడు లైను చివర పరిగెత్తుతాడు. దీనికి అదీ లేదు. తరవాత దెబ్బ ఎప్పుడు పడుతుందో ఎంతసేపు విన్నా చెప్పలేం.

మా దగ్గర ఒక్కో మెషీన్‌కీ రిపేరు పుస్తకంలో ఒక పేజీ. ఏ రోజు ఏం తేడా వచ్చిందో రాసిపెడితే మెకానిక్ దేవరాజు నెలకోసారి వచ్చి చూసిపోతాడు. ఏడో మెషీన్ పేజీలో తేదీ, గంట, ఎంతసేపో రాశాను. తేడా అన్నచోట "ఊరికే మోగుతోంది" అని పెట్టాను. ఇన్‌స్ట్రక్టర్‌గా నేను శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

ఆగస్టులో నాలుగుసార్లు మోగింది. సెప్టెంబరులో ఏడుసార్లు. దేవరాజు వచ్చి విప్పాడు, తుడిచాడు, నూనె వేశాడు, బిగించాడు. మళ్ళీ మోగింది. రెండోసారి విప్పాడు. మూడోసారి విప్పి, స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టి గోక్కుంటూ నావైపు జాలిగా చూశాడు.

"తంబీ, మెషీన్ సూపర్‌గా ఉండాది. నువ్వే సరిగ్గా నిద్రపోతా లేవు."

ఒకరోజు తెల్లకాగితం ఎక్కించి, కవరు వేసి కాపలా కూర్చున్నాను. రెండుంపావుకి మొదలైంది. కవరు మీద అరచెయ్యి ఆనించాను. లోపల చిన్నగా తగులుతోంది, నా చేతికే. ఆగాక కాగితం తీసి చూస్తే తెల్లగా ఉంది. దానికి నేను "ఏడో నంబరు అభ్యర్థి" అని పేరు పెట్టాను. నాకంటే అధ్వాన్నంగా కొట్టేవాడు ఒకడు దొరికాడని లోపల కొంచెం సంతోషం కూడా.

అత్తతో ఈ మాట ఎత్తలేదు. ఎత్తితే సగం నెల ఫీజు శాంతి పూజకి పోతుందని నా లెక్క. విచిత్రమేమిటంటే అత్తా ఎత్తలేదు. పక్కింట్లో కుళాయి కారినా వినపడే మనిషి. చెక్క గోడకి అవతలే పడుకుని ఉంది. ఒక్కసారి కూడా ఏందిరా ఆ చప్పుడు అనలేదు.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు అత్త మూడు నాలుగు మైళ్ళ అవతల తొండియార్‌పేటలో చుట్టాలమ్మాయి సీమంతానికి పోయింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే. మెషీన్ ముప్పావుగంట మోగింది. ఈ వివరం ఎందుకు రాస్తున్నానో తరవాత తెలుస్తుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందోరా, ఈ మధ్య లోపల పిట్ట కొట్టుకున్నట్టు ఉంటాది. కొంచెంసేపు ఉండి పోతాది. కాఫీ ఎక్కువైనట్టుంది."

"దేవరాజుని పిలిపిస్తానత్తా. విప్పి నూనె వేసి పోతాడు."

అత్త పొరబోయేలా నవ్వింది. "పోరా వెధవా" అని మజ్జిగ పోసింది. మాట అక్కడితో అయిపోయింది. మరునాటినుంచి కాఫీ ఒక పూట మానేసింది. నేను వేసిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు.

అక్టోబరులో ఒక శనివారం మొదలైన శబ్దం ఆదివారమంతా ఆగలేదు. ఆదివారం క్లాసులుండవు కాబట్టి పొద్దున్నించీ వింటూనే ఉన్నాను. అత్త ఆరోజు మంచం దిగలేదు, నీరసం అంది. సోమవారం పొద్దున ఎనిమిది మెషీన్ల గోలలో ఏమీ తెలియలేదు. ఒంటిగంటకి పిల్లలు వెళ్ళాక చెవి పెట్టాను. ఏమీ లేదు. రెండయింది, మూడయింది. నిశ్శబ్దం.

"అత్తా, అభ్యర్థి పాసైపోయాడు" అని గట్టిగా అరిచాను. అత్తకి అర్థం కాకపోయినా చెక్క గోడ అవతల్నించి నవ్వింది. ఇప్పుడు పరవాలేదు, తేలికగా ఉంది అంటూ లేచి ముఖం కడుక్కుని వచ్చింది.

మూడున్నర బ్యాచి కూర్చుంది. అత్త వీపు తిప్పి స్కేలు అందుకుంది. టక్, టక్, టక్. ఎనిమిది మెషీన్లూ కదిలాయి. రెండు నిమిషాలు గడిచాయో లేదో, స్కేలు కింద పడింది. అత్త దాన్ని తీయబోయింది. ఎడమచెయ్యి రాలేదు. నావైపు తిరిగి ఏదో అంది. మాట ముద్దగా, తాగినవాడి మాటలా వచ్చింది. నన్ను వెక్కిరిస్తోందనుకుని నేను నవ్వాను.

మూతి ఒకపక్కకి జారడం చూశాక ఆపాను.

టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణం గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. ఎడమచేతి వేళ్ళు కొట్టే ఎ ఎస్ డి ఎఫ్ పోయిందని ఎవరికో చెప్పబోయి, మొదటిసారి నా జోకు నా గొంతులోనే ఉండిపోయింది.

మరునాడు ఒక డాక్టరు వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడాడు. చుట్టూ వైద్య విద్యార్థులు. అత్త కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాడి ఎలా ఉందో విద్యార్థులకి వినిపించడానికి, రెండోచేతిలో పెన్నుతో మంచం ఇనపకడ్డీ మీద కొట్టడం మొదలుపెట్టాడు.

టక్ టక్... టక్... టకటక్... టక్.

నా చేతిలో స్టీలు గ్లాసు కిందపడింది. అందరూ తిరిగి చూశారు. ఆయన కొడుతూనే ఉన్నాడు. "చూశారా, ఇందులో ఏ పద్ధతీ లేదు. ఎంతసేపు విన్నా తరవాతి దెబ్బ ఎప్పుడో చెప్పలేరు" అన్నాడు విద్యార్థులతో. మూడు నెలలు బెంచీ మీద పడుకుని నేను అనుకున్న మాట అది.

తరవాత నాకు విడిగా చెప్పాడు. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతున్నాయట. వణికే గదిలో రక్తం కదలక మూల నిలబడుతుంది. నిలబడ్డది గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒకరోజు బయలుదేరి మెదడుకు పోయే నాళంలో అడ్డం పడుతుంది. కొట్టుకోవడం మళ్ళీ సర్దుకున్నప్పుడే ఒక్కోసారి గడ్డ కదులుతుందని, ఆ తరవాత కొట్టుకోవడం మళ్ళీ దారి తప్పొచ్చని కూడా చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం నేను అరిచిన అరుపు గుర్తొచ్చింది.

"ఇంతకుముందు దడ వచ్చేదా? ఎప్పుడెప్పుడు?" అని అడిగాడు. అత్తకి మాట స్పష్టంగా రావడం లేదు కానీ అన్నీ అర్థమవుతున్నాయి. తల ఊపగలదు. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి రిపేరు పుస్తకం తెచ్చాను. ఎందుకు తెచ్చానని అడగవద్దు. ఏడో మెషీన్ తప్ప ఇంకేమీ నా దగ్గర రాసిపెట్టి లేదు.

డాక్టరు ముందు, అత్త పక్కన కూర్చుని ఒక్కో తేదీ చదివాను. వరలక్ష్మీ వ్రతం ముందురోజు, రెండు గంటలకి. అత్త కాసేపు ఆలోచించి తల ఊపింది. వినాయక చవితి మరునాడు. ఊపింది. అప్పడాలు ఎండబెట్టిన రోజు. ఊపింది. వరసలో తొండియార్‌పేట రోజు వచ్చింది.

"ఆరోజు నువ్వు ఈడ లేవు కదత్తా. సీమంతానికి పోయుంటివి."

అత్త నన్ను చూసింది. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి గుండె మీద పెట్టుకుంది. తల ఊపింది. ఆడ కూడా వచ్చిందని.

డాక్టరు అన్నీ కేసు షీటులో ఎక్కించుకున్నాడు. తరవాత పెన్ను మూసి నా ముఖంలోకి చూశాడు.

"ఇంత శ్రద్ధగా రాసుకున్నావే. ఒక్కసారైనా ఎందుకు తీసుకురాలేదు?"

అది టైపు మెషీన్ రిపేరు పుస్తకమని నేను చెప్పలేదు. మెషీన్‌ని మూడుసార్లు విప్పించాను. మనిషిని ఒక్కసారి కూడా చూపించలేదు. ఆ ఆసుపత్రి బీరువాల్లో ఎక్కడో మా అత్త కాగితాల్లో ఏడో మెషీన్ మోగిన తేదీలు ఇప్పటికీ ఉండే ఉంటాయి.

అత్త బతికింది. గుండెకి కొన్ని మాత్రలు, రక్తం పలచబడడానికి కొన్ని ఇచ్చారు. ఇల్లు చేరాక చెక్క గోడ అత్త గుండె శబ్దాన్ని మోసుకొస్తుందేమో, మంచం కోడు నేలకి తగులుతుందేమో అన్నీ కొట్టి చూశాను. ఏదీ ఆ చప్పుడు చెయ్యలేదు. చేసినా, తొండియార్‌పేట నించి పెరంబూరు దాకా ఏ చెక్క మోస్తుంది?

నాలుగు నెలలకి అత్తకి మాట చాలావరకు తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటే పేర్చుకుంటూ చెప్పింది.

"ఏరా... మధ్యాహ్నం పూట... ఏడో మెషీన్ మీద కొడతా ఉంటివే. ఒక్క దెబ్బకీ తాళం లేకుండా. నాకు... చెవులు కోసేసినట్టుండేది."

నేను చెక్క గోడ వైపు తిరిగాను.

"అందామని రెండుసార్లు లేస్తిని. రెండుమార్లు తప్పినవాడు... ఎవురూ లేనప్పుడు... కష్టపడతా ఉండాడు... నొచ్చుకుంటావని ఊరుకుంటిని." తల నావైపు తిప్పి అడిగింది. "ఇప్పుడు కొట్టడంలేదేం?"

నేను కాదత్తా అనవచ్చు. అప్పుడు మరి ఎవరు అని అడుగుతుంది.

"మానేశానత్తా" అన్నాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఏడో మెషీన్ తనంతట తను మళ్ళీ మోగలేదు. దేవరాజు కొంటానన్నా అమ్మలేదు. చదువుకున్న స్నేహితులకి చెబితే కాకతాళీయం అన్నారు, చదువుకోనివాళ్ళు పీట వేసి పూజ చెయ్యమన్నారు. నేను రెండూ నమ్మలేదు. ఇంకోటి చెప్పడానికి నా దగ్గర లేదు.

ఒక్కటి మాత్రం మారింది. మధ్యాహ్నం నేను నిద్రపోవడం లేదు. అత్త కళ్ళు మూసుకుని "కొట్టరా, వినాలని ఉండాది" అంటుంది. గోడవార కూర్చుని, ఏడో మెషీన్ కవరు తీసి ఎ ఎస్ డి ఎఫ్ మొదలుపెడతాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకటే ఎడం. అత్త మూడింటికి లేచేదాకా ఆపను. తడబడను. తడబడితే ఏమవుతుందని మీరు అడిగితే, ఏమీ కాదనే చెబుతాను. అయినా తడబడను.

ఇంత శ్రద్ధ పరీక్షలో పెట్టి ఉంటే హయ్యర్ ఎప్పుడో పాసయ్యేవాణ్ణి.