సూదంటురాయి తేర్చిన నీళ్ళు

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అయినా ఇది నా చేత్తోనే రాస్తున్నాను. ఇంకొకరి చేత రాయిస్తే జాలిపడి నా తప్పును సగం చేసి రాస్తారు.

కవిటి దగ్గర మా ఊళ్ళో కిడ్నీలు పాడవడం అప్పటికే కొత్త సంగతి కాదు. బావినీళ్ళలోనే ఏదో విషముందని అందరూ అనుకునేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నా కొడుకు కాళ్ళు వాచాయి. పలాస డాక్టరు రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు మించకూడదని చెప్పి, ఆ కొలత నాకప్పగించాడు. ఉప్పుగల్లు నేలపాలు కానివ్వనిదాన్ని, నా చేయి దాటి చుక్క పోయేది కాదు.

"మా అమ్మ యముడికైనా కొలిసే పోత్తాది" అని నవ్వేవాడు వాడు.

వాడి కూతురు విశాఖపట్నంలో పెద్ద చదువు చదివేది. సెలవులకు వస్తూ ఒక చిన్న సీసా తెచ్చింది. లోపల నల్లటి మజ్జిగలాంటిదేదో ఉంది.

"ఏటే గుంటా, కాటుకా?"

"కొబ్బరినూనె, నీళ్ళు మామ్మా. కలిపి నెల్లాళ్ళయింది. సూడు, ఇడిపోనేదు."

కొబ్బరిపాలు కాచి నూనె తీసిన చేతులు నావి. నూనె నీళ్ళ మీదికి తేలకపోవడం నేనెరగను. ఇనుప తుప్పులాంటి పొడి, కంటికి ఆననంత సన్నంగా, ప్రతి నూనెబొట్టు చుట్టూ దడి కట్టినట్టు నిలబడుతుందట. అందుకే బొట్టూ బొట్టూ కలవవట. పాడైన రేడియోలోంచి తీసి నేను దాచిన సూదంటురాయిని అది సీసాకు ఆనించింది. నలుపంతా ఆ పక్కకు పాకింది. నూనె బదులు గట్టిపడే మందు వేస్తే ప్లాస్టిక్ పూసలవుతాయనీ, ఎప్పటికైనా అలాంటి పూసలతో నీళ్ళలోని విషాన్ని పట్టి బయటికి లాగొచ్చనీ చెప్పింది.

'ఎప్పటికైనా' అన్న మాట నా చెవికెక్కలేదు.

మర్నాడు అది టెక్కలి వెళ్ళింది. బావినీళ్ళున్న ఇత్తడి బిందెలో సీసా ఒంపేశాను. గరిటెతో కలిపి, సూదంటురాయిని బిందెకు ఆనించి చేయి లాగేదాకా పట్టుకున్నాను. నలుపు ఆ పక్కకు చేరింది. పైనీళ్ళు గుడ్డలో వడగట్టి, కొడుక్కి చెంబు నిండా ఇచ్చాను.

"కొలత మర్సిపోనావేటమ్మా?"

"ఇసం లాగేసినాను. ఇవి మంచినీళ్ళురా. తాగు."

ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. ఇంకో చెంబిచ్చాను. అదీ తాగి మూతి తుడుచుకుని నవ్వాడు. ఆ ఏడాదంతటికీ నాకు సంతోషమంటూ కలిగింది ఆ ఒక్క పూటే.

సాయంత్రానికి ఆయాసం వచ్చింది. వెనక్కి వాలితే ఊపిరి ఆడక, మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. మనవరాలు వచ్చి ఖాళీ సీసా చూసింది.

"ఏటి సేసినావు మామ్మా! ఇది ఇసాన్ని పట్టేది కాదు. నూనెని ఇడిపోకుండా ఉంచుతాది, అంతే. మంచినీళ్ళయినా నాన్నకి ఎక్కువైతే ఇసమే."

"అయితే ఇసాన్ని పట్టేదే తెచ్చియ్యి."

"నీళ్ళలో ఏ ఇసముందో, అసలు నీళ్ళలోనే ఉందో నేదో, ఎవులికీ తెలీదు మామ్మా. దేన్ని పట్టమంటావు?"



ఆటోలో పలాస, అక్కణ్ణుంచి విశాఖపట్నం తీసుకుపోయాం. ఒంట్లో నీరు లాగి పంపారు. ఆ గండం గడిచింది.

కొలత మళ్ళీ నా చేతికే వచ్చింది. ఈసారి గ్లాసు అంచు దాకా కూడా పోసేదాన్ని కాదు. వానాకాలంలో ఒక మధ్యాహ్నం, "ఒక్క గుక్క అమ్మా" అన్నాడు. ఆ రోజు వంతు అయిపోయింది. "రేపు" అన్నాను. మళ్ళీ అడిగాడు.

"నేదురా" అని చెంబు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను.

తిరిగి వచ్చేసరికి వాడికి ఊపిరి లేదు.

కాపరానికి వచ్చిన నాటినుంచీ నేనూ ఆ బావినీళ్ళే తాగుతున్నాను. నాకేమీ కాలేదు. నాకెవరూ కొలవరు.