రైలెక్కని వడియాలు

గోనెసంచులను నేను తిరగేసి ఉతుకుతాను. లోపల వడియాల పొడి మిగిలితే పురుగు పడుతుంది. ఆ రోజు పెరట్లో కుళాయి దగ్గర నాలుగు గోనెలు అలాగే ఉతికి, మళ్ళీ బయటివైపుకు తిప్పి తీగ మీద ఆరేశాను. ఆరేశాక చూద్దును గదా, ఒక్కో గోనె మీద రెండే గుర్తులున్నాయి. సరుకు పంపిన ప్రతిసారీ లోపలి మూలన నా చేత్తో వేసిన తేదీలు మాత్రం ఐదు.

రైల్లో పార్సిలు పంపితే ప్రతి మూట మీదా ఎక్కిన స్టేషను, దిగే స్టేషను, మొత్తం మూటలెన్ని అన్నది నల్లగా రాస్తారు. అదే గోనె మళ్ళీ వెళ్తే పాత గుర్తు అడ్డంగా కొట్టేసి పక్కన కొత్తది రాస్తారు. మా ఆయన గూడ్సు గార్డు. బదిలీ అయిన ప్రతిసారీ మా వంటసామాను అలాంటి గుర్తులతోనే కొత్త క్వార్టరుకు చేరేది. ఆ నలుపు ఎంత రుద్దినా పోదని నాకు తెలుసు. అయినా నాలుగు గోనెలనూ ఇంకోసారి సబ్బుతో రుద్దాను. ఏమైనా తేలుతుందేమోనని కాదు, చేతులకు ఏదో ఒక పని కావాలని.

బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మేము పన్నెండు మందిమి సమితిగా కలిసి గుమ్మడి వడియాలు, మినప అప్పడాలు, ఇక్కడివాళ్ళు చేసుకునే బిజోరీ అనే వడియాలు తయారుచేస్తాం. అందరివీ రైల్వే కుటుంబాలే, అందరి పుట్టిళ్ళూ విజయనగరం, శ్రీకాకుళం వైపే. మా సరుకు కొనేది విజయనగరంలో దుకాణం నడిపే ఒక అమ్మాయి. మొదటిసారి ఫోనులో మాట్లాడినప్పుడే ఆమె ఒక షరతు పెట్టింది.

"మామ్మగారూ, వడియం ఎండలో ఎండింది, చేత్తో పెట్టారు, బాగుంది. కానీ నా దగ్గరికి రావడానికి ఎంత డీజిలు కాలిందని అడిగేవాళ్ళున్నారు నా దుకాణంలో. రవాణా ఖర్చు నేనిస్తాను. పొగ తక్కువయ్యే దారి మీరే చూసి మాట్లాడండి. ఎలా పంపారో నాకు నిజం చెప్పండి, చాలు."

మినుములు కొనడానికి నేను గోల్ బజార్‌లో నాలుగు కొట్లు తిరుగుతాను. గుప్పెట్లో పోసుకుని, కొరికి చూసి గాని కొనను. రవాణాను కూడా అలాగే ఏరి కొనాలని ఆ అమ్మాయి చెప్పేదాకా తోచలేదు. ముగ్గుర్ని అడిగాను. ముగ్గురికీ ఒకే ప్రశ్నలు వేశాను: బండి దేంతో నడుస్తుంది, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుందా, మూట ఎన్నిచోట్ల చేతులు మారుతుంది? లారీ ఆఫీసులో కూర్చున్నాయన హిందీలో నవ్వుతూ, "మాతాజీ, పొగకు కూడా రేటు కడతారా?" అన్నాడు. కడతామని చెప్పాను.

చివరికి మావాళ్ళ మనిషినే కుదిర్చాను. వాళ్ళ నాన్న గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, ఇతను బ్యాటరీ ఆటో నడుపుతాడు. మా ఇంటినుంచి మూటలు స్టేషనుకు చేర్చి విశాఖ వైపు వెళ్ళే బండిలో పార్సిలు వేయించాలి. విజయనగరంలో ఆ అమ్మాయి రిక్షాలో తెప్పించుకుంటుంది. ఖాళీ గోనెలు ఒక పాత సంచిలో కట్టి తిరిగి అలాగే వస్తాయి. మా లైనులో అన్నీ కరెంటు ఇంజన్లే. ఆ కరెంటు కోర్బా బొగ్గుతో పుడుతుందని నాకు తెలియక కాదు. కానీ ఎలాగూ వెళ్ళే బండిలో నాలుగు మూటలు ఎక్కించడం వేరు, నాలుగు మూటల కోసం ఇంకో ఇంజను కదలడం వేరు.

ముగ్గురిలో ఇతనిదే ఎక్కువ ధర. ఆలస్యం కూడా. మీటింగులో ఆ మాట చెప్పినప్పుడు పక్కింటి వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏటి ఒదినా, వడియానికి ఫస్ట్ క్లాసు టికెట్టు తీస్తన్నావేటి? నా పెళ్ళికి మావోళ్ళు నన్ను జనరల్‌లో పంపినారు" అంది. అందరూ పడిపడి నవ్వారు, నేను కూడా. ఆమెకూ నాకూ ముప్పై ఏళ్ళ స్నేహం. నా తాళంచెవి ఒకటి వాళ్ళింట్లో మేకుకు ఉంటుంది.

ప్రతి సరుకుతోనూ నేనొక చీటీ రాసేదాన్ని. "ఈ వడియాలు బిలాస్‌పూర్ నుంచి రైలులో వచ్చాయి." కింద సంతకం, తేదీ. ఆ అమ్మాయి దాన్ని దుకాణంలో వడియాల డబ్బాల మీద గోడకు అంటించేదట. ముత్యాల్లాంటి అక్షరాలని ఒకసారి మెచ్చుకుంది. నేను చదివింది ఎనిమిదో తరగతి. నా రాత గోడకెక్కడం నాకు చిన్న సంగతి కాదు.

తర్వాత నాకు కంటి ఆపరేషనయింది. బరువెత్తకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు అన్నారు. సరుకు పంపే పని వదిన తీసుకుంది. "స్టేషను, రసీదులు అన్నీ నాను చూసుకుంతాను, నువ్వు చీటీ రాసిచ్చీసి పడుకో" అంది. కన్ను కుదుటపడ్డాక కూడా అదే సాగింది. రసీదు చూపించమని నేను అడగలేదు. మా రైల్వే వాళ్ళకు ఇదొక అలవాటు. మూట స్టేషనుకు వెళ్ళిందంటే రైలెక్కినట్టే లెక్క. పైగా రసీదు అడిగితే ఇంటి మనిషిని అనుమానించినట్టు.

ఆ సాయంత్రం వదిన టీకి వచ్చింది. తీగ మీది గోనెలు చూపించాను.

"ఐదుసార్లు వెళ్ళి వచ్చిన గోనెకు రెండు గుర్తులేమిటి వదినా?"

ఆమె గోనెల వైపు చూడలేదు. నా మొహం వైపే చూసింది. "ఓలమ్మ, గోనెలక్కూడా హాజరు పట్టీ ఏసినావా!" అంది. నేను నవ్వకపోయేసరికి కూర్చుంది.

"సెప్తాను. ఇనీసి అప్పుడు తిట్టు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పార్సిలు డబ్బాలో జాగా నేదన్నారు. మూటలు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోనాయి. వాన కొట్టింది. అక్కడికెల్లేసరికి సగం నుసి. ఆ పిల్ల ఫోను సేసి, ఇంకోపాలి ఇలగైతే తీసుకోనంది. అప్పుడు లారీకి ఏసీసాం, లారీవోడు అక్కడ స్టేషను కాడే ఆ పిల్ల రిక్షావోడికి అప్పజెప్పినాడు. ఒక్క వడియం ఇరగనేదు ఒదినా!"

"తర్వాత?"

"తరవాత... జాగా ఉంటే రైలు, నేకపోతే లారీ. ఒక్క రూపాయి ఎవులూ తిన్నేదు, ఒట్టు. కిరాయిలో మిగిలింది సమితిలోనే ఉంది."

"ఎవరెవరికి తెలుసు?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "అందరికీ."

"నాకు తప్ప."

"నీకు సెప్తే ఒప్పుకుంతావేటి? పని ఆపీద్దాం అంటావు. అందరి ఇళ్ళల్లో కుర్రోల ఫీజులున్నాయి. నీ పట్టుదల నీకు బాగానే ఉంటాది గాని, అది తింటే కడుపు నిండదు కదా."

ఆ మాట నేను చాలాసేపు నమలవలసి వచ్చింది. దొంగ దొరికితే తిట్టి తలుపేసుకోవచ్చు. ఇక్కడ దొంగే లేడు. పదకొండు మంది కూడి, నన్ను ఏ సంగతి చెప్పకూడని మనిషిగా తేల్చేశారు. నా ఎదురుగా కూర్చుని వడియాలు పెడుతూ, నేను చీటీ రాస్తుంటే చూస్తూ, ఒక్కరు కూడా నోరు విప్పలేదు. సిరా ఆరలేదని ఊదిన వాళ్ళు కూడా ఉన్నారు.

మర్నాడు ఆటో అతన్ని పిలిపించాను. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మామ్మా, ఆ లారీ మనూరిదే, విజయనగరం బండి. కొబ్బరికాయలు ఇక్కడ దింపీసి ఖాళీగానే తిరిగెల్తాది. ఖాళీ లారీలో నాలుగు మూటలేస్తే కొత్తగా పొగేటొస్తాది? మీరడిగిన మూడు ప్రశ్నల్లో అదొకటి కదా, ఖాళీగా వత్తాదా అని. నాను మర్సిపోనేదు."

అతను చెప్పిన దానిలో న్యాయం ఉంది. ఎలాగూ తిరిగి వెళ్ళే ఖాళీ లారీ తప్పుడు బేరమేమీ కాదు. వాన పడే నెలల్లో అదే మంచి బేరం కావచ్చు.

"ప్రతిసారీ ఖాళీయేనా?"

"అచ్ఛా... ప్రతిసారీ అంటే సెప్పనేను. మనకోసమని రెండు మూడుసార్లు పిలిపించినాం."

"మొదటిసారే నాతో చెప్పి ఉంటే నేనే ఆ అమ్మాయికి చెప్పేదాన్ని. ఖాళీ లారీ అని చీటీలో రాసేదాన్ని. ఆమె కొంటే కొనేది."

"మీ ఒదినమ్మ సెప్పొద్దన్నాది మామ్మా." అతను వదిన ఇంటి వైపు ఒకసారి చూసి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయికి ఫోను చేస్తానని వదినకు చెప్పాను. ఆమె పరుగున వచ్చింది. నా చేతిలో ఫోను పట్టుకుంది.

"ఇకనుంచి రైల్లోనే పంపుతాం అని సెప్పు. జరిగిపోనాది ఎందుకు ఒదినా? ఆ పిల్లకి తెల్దు. తెలిస్తే సరుకు ఆపీద్ది. పదకొండు మంది ఉసురు నీకు తగుల్తాది."

"నా చీటీ ఆమె గోడ మీద ఉంది" అన్నాను. "అది చదివి కొన్నవాళ్ళున్నారు."

ఆమె చెయ్యి తీసింది. వెళ్ళిపోలేదు, మంచం పట్టె మీద కూర్చుంది.

ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాన, జాగా లేకపోవడం, లారీ, కొన్నిసార్లు అది ఖాళీ లారీ కాకపోవడం. ఆమె ఒకటే అడిగింది:

"ఎన్నిసార్లు, మామ్మగారూ?"

మా ఇంట్లో ఆవకాయ జాడీకి తేదీ ఉంటుంది, గ్యాసు బండకు తేదీ ఉంటుంది. నేను సంతకం చేసిన చీటీల్లో ఏది నిజమో, ఏది కాదో మాత్రం నాకు తెలియదు. ఆ నాలుగు గోనెలు నాలుగింటి సంగతే చెప్తాయి. మిగతా గోనెలన్నీ ఆమె దుకాణంలో ఉన్నాయి.

ఫోను వదినకిచ్చాను. ఆమె వేళ్ళు మడిచి, మళ్ళీ విప్పి, "తొమ్మిదమ్మా" అంది మెల్లగా. నేనూ ఆ అంకె అప్పుడే విన్నాను.

ఫోను మళ్ళీ నా చేతికొచ్చింది. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. చెప్పినందుకు మంచిపని చేశానంది. సరుకు తీసుకుంటాను, రైలైనా ఖాళీ లారీ అయినా ఫరవాలేదు, రసీదు ఫొటో, లారీ ఫొటో పంపిస్తే చాలంది.

"చీటీ?" అని అడిగాను.

"ఇక వద్దులెండి మామ్మగారూ. ఫొటోలుంటాయి కదా."

ఫోను పెట్టేశాను. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలి, "సరుకు ఆపనేదు కదా! ఇంకేటి ఒదినా మరి, టీ పెట్టు" అంది.